పుట్టి, తెప్ప, ఫాయిల్ బోర్డు: స్వహస్తనిర్మిత జలవాహనాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంట్లో తయారుచేసుకున్న ఫాయిల్ బోర్డుతో సముద్రపు అలలపై సాగడం ఇరవయ్యొకటో శతాబ్దపు క్రీడగా ప్రసిద్ధి పొందింది. తాను చేసుకున్న సాధనంపై తానే నిలిచి అలను దాటడమన్న పద్ధతి మాత్రం తెలుగువారికి కొత్తది కాదు. రాయలసీమ నదులలో పుట్టి, తీరాంధ్రంలో తెప్ప ఈ పద్ధతికి రెండు పూర్వరూపాలు. ఈ మూడు సాధనాల నిర్మాణ సూత్రాలను, వాటి చారిత్రక నేపథ్యాన్ని పరిశీలించి, చేసేవాడూ నడిపేవాడూ ఒక్కడే అయినప్పుడు పుట్టే జ్ఞానం ఎటువంటిదో, ఆ ఇద్దరూ వేరైనప్పుడు ఆ జ్ఞానానికి ఏమవుతుందో నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: పుట్టి, అరిగోలు, తెప్ప, మసులా పడవ, ఫాయిల్ బోర్డు, పెన్న, కోరమాండల్ తీరం, వాడబలిజలు, జాలారులు.

1. ఉపోద్ఘాతం

జలవాహనాల చరిత్ర అనగానే ఓడలు, రేవులు, విదేశీ వాణిజ్యం గుర్తుకు వస్తాయి. మోటుపల్లి, మచిలీపట్నం, కోరంగి వంటి రేవుల గురించి తెలుగులో విస్తారమైన రచన ఉంది. ఒక మనిషి తన చేతులతో కట్టుకొని, తన భుజం మీద మోసుకుపోయి, తానే నీటిలోకి దించే చిన్న సాధనాల గురించి వచ్చిన రచన తక్కువ. వాటికి శాసనాలు లేవు. సుంకం లెక్కలలోనూ అవి పెద్దగా కనిపించవు. కొయ్య కుళ్ళిపోతుంది, తోలు చీకిపోతుంది. అందువల్ల వాటి చరిత్రకు యాత్రికుల వర్ణనలు, వలసపాలన కాలపు వృత్తాంతాలు, నేటికీ మిగిలి ఉన్న వాడుక ప్రధానమైన ఆధారాలు.

ఈ పరిశీలనను సముద్రానికి దూరంగా ఉన్న పులివెందుల ప్రాంతం నుండి ఆరంభించడానికి ఒక కారణం ఉంది. పులివెందుల నుండి నెల్లూరు తీరానికి నేరుగా కొలిచినా 200 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అయినా ఈ సీమలో పారే నీరంతా చివరకు ఆ తీరాన్నే చేరుతుంది. చిత్రావతి కడప జిల్లాలోనే పెన్నలో కలుస్తుంది. వేంపల్లె సమీపంలో గండి కొండలను చీల్చుకొని వచ్చే పాపఘ్ని కమలాపురం దగ్గర పెన్నను చేరుతుంది. గండికోట లోయను, జమ్మలమడుగును, ప్రొద్దుటూరును దాటిన పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒకే నది ఎగువన పుట్టి, దాని సాగరతీరాన తెప్ప తెలుగువారికి సాధనాలయ్యాయి. ఒకటి రాళ్ళ మధ్య సుడులకు, మరొకటి ఒడ్డున విరిగే అలలకు సమాధానం.

2. పెన్న, తుంగభద్రల సీమలో పుట్టి

పుట్టి గుండ్రని బుట్ట వంటి పడవ. దీనినే అరిగోలు, హరిగోలు అని కూడా అంటారు. తెలుగులో పుట్టి అన్న మాటకు ఇరవై తూముల ధాన్యపు కొలత అనే అర్థం కూడా ఉంది. నీటిని దాటించే సాధనానికీ పంటను కొలిచే మానానికీ ఒకే పేరుండడం ఈ రెండూ రైతు జీవితానికి ఎంత దగ్గరివో చెబుతుంది.

శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ పడవలను వర్ణించాడు. లోపల వెదురు జాతి బద్దల అల్లిక, వెలుపల తోలు, పదిహేను ఇరవై మందిని మోయగల బలం, తెడ్డు వేస్తున్నంతసేపూ గిరగిర తిరిగే స్వభావం ఇవన్నీ ఆ వర్ణనలో ఉన్నాయి. రాజ్యంలో ఏరులున్నచోటల్లా ఈ రకం పడవలే తప్ప వేరేవి లేవని కూడా అతడు రాశాడు. నేటి కడప జిల్లా అప్పటి విజయనగర రాజ్యంలో భాగం. అనెగొంది రేవులో పేస్ చూసిన పడవకూ, పెన్న వరదలో సీమ రైతు దాటిన పడవకూ రూపంలో భేదం ఉండవలసిన కారణం లేదు.

ఈ రూపం ఎందుకు నిలిచిందన్నది ముఖ్యమైన ప్రశ్న. రాయలసీమ నదులు ఏడాది పొడుగునా పారవు. పారినప్పుడు ఒక్కసారిగా ఉరకలు వేస్తాయి. అడుగున రాతిబండలు, పక్కన ఇసుకమేటలు ఉంటాయి. పొడవైన అడుగుకొయ్య ఉన్న పడవ ఆ రాళ్ళకు తగిలి పగులుతుంది. పుట్టికి అడుగుకొయ్య లేదు, ముందు వెనుకలు లేవు. చదునైన అడుగు వల్ల జానెడు లోతు నీటిలోనూ తేలుతుంది. రాయికి కొట్టుకుంటే వెదురు వంగుతుంది గాని విరగదు. నీరు ఎండిపోయిన కాలంలో చిన్న పుట్టిని ఒక్కడే తలకెత్తుకొని ఇంటికి తీసుకుపోయి బోర్లించుకోవచ్చు. నడిపేవాడు తెడ్డును ముందువైపు వేసి నీటిని తనవైపు లాగుకుంటాడు. గుండ్రని వస్తువును తిన్నగా నడిపించే నేర్పు తెడ్డులో ఉండదు, మణికట్టులో ఉంటుంది.

కాలక్రమంలో తోలు స్థానంలో తారు పూసిన పట్టా, ఆ తర్వాత ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్లు కూడా వచ్చాయి. లింగాల మండలం పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, పెన్న మీద మైలవరం, గండికోట జలాశయాలు వచ్చిన తర్వాత ఈ సీమలో నీటి స్వభావమే మారింది. ఉరికే నీటి స్థానంలో నిలిచిన నీరు వచ్చింది. ఏరు దాటించే అవసరం వంతెనలతో తగ్గిపోయి, పుట్టి ప్రధానంగా చేపలవేట సాధనంగా మిగిలింది.

3. తీరాంధ్రంలో తెప్ప

తెప్ప అన్న మాట రాయలసీమ పాఠకునికి మొదట తెప్పోత్సవాన్ని గుర్తు చేస్తుంది. కోనేటిలో అలంకరించిన తెప్పపై దేవుణ్ణి ఊరేగించే ఆచారం తిరుమల మొదలైన క్షేత్రాలలో ఉంది. తీరంలో తెప్ప అంటే వేట సాధనం. కొన్ని మానులను పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించి కట్టినది. కట్టిన మాను అనే భావం నుండే తమిళంలో కట్టుమరం అన్న మాట ఏర్పడింది. దాని నుండే ప్రపంచ భాషలలోని కాటమరాన్ వచ్చింది. విచిత్రమేమంటే నేడు ఆ పేరుతో పిలిచే జంట పడవకూ కోరమాండల్ తెప్పకూ నిర్మాణంలో పోలిక లేదు.

ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో కోరమాండల్ తీరపు తెప్పలను పేర్కొన్నాడు. ఒక్కరిని మాత్రమే మోయగల అతి చిన్న తెప్పల మీద మనిషి కాళ్ళు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయని అతడు గమనించాడు. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల రూపాలపై 1920లో వెలువరించిన పరిశోధన ఈ రంగానికి పునాది వంటిది. తెప్పలన్నీ ఒకే తీరున ఉండవనీ, తీరం మారిన కొద్దీ కట్టు మారుతుందనీ ఆ పరిశోధన స్పష్టం చేసింది. ఉత్తరాంధ్ర మత్స్యకారుల జీవనాన్ని ఎం. సూర్యనారాయణ మానవశాస్త్ర దృష్టితో అధ్యయనం చేశారు. ఉత్తరాంధ్రంలో వాడబలిజలు, జాలారులు, దక్షిణాన పల్లెకారులు, పట్టపువారు ఈ విద్యకు వారసులు.

తెప్ప నిర్మాణంలో మొదటి మెట్టు కొయ్య ఎంపిక. కొయ్య నీటికంటె చాలా తేలికగా ఉండాలి, తొందరగా ఆరాలి. చేవ ఉన్న కొయ్య ఇంటి దూలానికి మేలు గాని తెప్పకు పనికిరాదు. ఎంచుకున్న మానులను బాడిసతో చెక్కి, నడిమి మాను కాస్త కిందికి, పక్క మానులు కాస్త పైకి ఉండేలా పేరుస్తారు. ముందుభాగం అలను చీల్చేలా కొనదేలి పైకి లేస్తుంది. కొబ్బరిపీచు తాడుతో ముందూ వెనకా బిగించి కడతారు. మేకు ఉండదు. తెడ్డుగా చీల్చిన వెదురు బద్ద చాలు.

ఈ నిర్మాణంలోని సూత్రం పడవ సూత్రానికి పూర్తిగా విరుద్ధం. పడవ నీటిని బయట ఉంచి తేలుతుంది. లోపలికి నీరు వస్తే మునుగుతుంది. తెప్పకు లోపలంటూ లేదు. అల మీద పడిన నీరు మానుల సందుల గుండా జారిపోతుంది. బోల్తాపడినా మునగదు. తిరగవేసి మళ్ళీ ఎక్కవచ్చు. తడిసిన కొయ్య బరువెక్కుతుంది కనుక వేట నుండి వచ్చిన వెంటనే తాళ్ళు విప్పి, మానులను విడదీసి ఇసుకపై ఆరబెడతారు. అంటే తెప్పను ఒక్కసారి కట్టి ఊరుకోవడం కుదరదు. దానిని మళ్ళీ మళ్ళీ కట్టవలసి ఉంటుంది. కట్టిన ప్రతిసారీ నిన్నటి అల నేర్పిన పాఠాన్ని ఈ రోజు ముడిలో సవరించుకునే వీలుంటుంది. ఈ వ్యాస ప్రతిపాదనకు ఇది కీలకం.

4. అలను చదివే విద్య

ఆంధ్రతీరంలో ఎక్కువ భాగం బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉంటుంది. సహజమైన రేవులు తక్కువ. అలలు ఒడ్డుకు సమీపంలోనే నిటారుగా లేచి విరుగుతాయి. ఈ అలలపట్టీని దాటడమే వేటలో మొదటి ప్రమాదం, తిరిగి రావడం రెండవ ప్రమాదం. యూరోపియన్ల ఓడలు ఈ అలలను దాటలేక దూరంగా లంగరు వేసేవి. సరుకునూ మనుషులనూ మేకులు లేకుండా పీచుతాడుతో కుట్టిన మసులా పడవలు ఒడ్డుకు చేర్చేవి. కుట్టు పడవ అల దెబ్బకు వంగి సర్దుకుంటుంది. మేకు కొట్టిన పడవ ఆ దెబ్బకు పగులుతుంది. మద్రాసులో సముద్రం మసులా పడవలకు కూడా లొంగని రోజున తెప్పవాళ్ళే తాటాకు టోపీలలో ఉత్తరాలు దాచుకొని ఓడలకు చేర్చేవారు.

అలలు గుంపులుగా వస్తాయి. కొన్ని పెద్ద అలల తర్వాత కాసేపు చిన్న అలలు వస్తాయి. తెప్పవాడు ఒడ్డున నిలిచి ఈ లెక్క చూసుకుంటాడు. వెళ్ళేటప్పుడు ఆ విరామాన్ని పట్టుకుంటాడు. వచ్చేటప్పుడు అల లేచే క్షణంలో తెడ్డు బలంగా వేసి, అల ముఖం మీదికి తెప్పను జార్చి, దాని వేగంతోనే ఒడ్డెక్కుతాడు. క్షణం ముందైతే అల తెప్పను వెనుక వదిలి పోతుంది. క్షణం ఆలస్యమైతే ముక్కు నీటిలో గుచ్చుకొని తిరగబడుతుంది. దీనిని నేడు సర్ఫింగ్ అంటారు. తెప్పవాడికి అది క్రీడ కాదు, బతికి ఇంటికి చేరే దారి. ఒడిశాలోని పూరీ తీరంలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులను నోలియాలు అంటారు. యాత్రికుల చేయి పట్టుకొని అలలలో స్నానం చేయించడం, కొట్టుకుపోయేవారిని రక్షించడం వారికి వృత్తి అయింది. అలను చదివే విద్య వేటకు వెలుపల కూడా జీవనాధారమయిందనడానికి ఇది ప్రబలమైన ఉదాహరణ.

5. పాలినేసియా పలక నుండి ఫాయిల్ బోర్డు దాకా

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో అల మీద పలకతో నిలిచి సాగడం ప్రాచీనమైన ఆచారం. కెప్టెన్ కుక్ నౌకాబృందంలోని జేమ్స్ కింగ్ 1779లో దానిని వర్ణించాడు. అక్కడ కూడా పలకను చెక్కేవారు తేలిక కొయ్యనే కోరుకున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో టామ్ బ్లేక్ బరువు తగ్గించడానికి బోలు పలకను రూపొందించాడు. అటువంటి పలకను ఇంట్లో చేసుకునే విధానాన్ని 1937లో పాపులర్ మెకానిక్స్ పత్రిక ప్రచురించింది. 1940వ దశకం చివర గాజుపీచు, రెసిన్ వాడుకలోకి వచ్చాయి. 1950వ దశకం చివర నురుగు దిమ్మెలు కొయ్య స్థానాన్ని ఆక్రమించాయి.

ఫాయిల్ చరిత్ర వేరే దారిలో వచ్చింది. విమానపు రెక్క గాలిలో చేసే పనినే నీటిలో చేసేది హైడ్రోఫాయిల్. ఇటలీకి చెందిన ఎన్రికో ఫొర్లానీని 1906లో మజ్జోరె సరస్సుపై అటువంటి పడవను నడిపాడు. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్, కేసీ బాల్డ్విన్ నిర్మించిన హెచ్‌డి-4 1919లో కెనడాలో గంటకు 114 కిలోమీటర్ల వేగాన్ని అందుకొని ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ రెక్క మనిషి కాళ్ళ కిందికి రావడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి సంవత్సరాలలో లెయిర్డ్ హామిల్టన్ హవాయిలో ఫాయిల్ అమర్చిన పలకతో పెద్ద అలలపై సాగాడు. 2016 తర్వాత చిన్న అలలకు తగిన ఫాయిల్ బోర్డులు వ్యాప్తి చెందాయి.

ఫాయిల్ బోర్డులో నాలుగు భాగాలు ఉంటాయి: పైన పలక, దాని కింద నిలువు స్తంభం, స్తంభం అడుగున అడ్డంగా సాగే నడికడ్డీ, ఆ కడ్డీకి ముందు పెద్ద రెక్క, వెనుక చిన్న రెక్క. నీటి సాంద్రత గాలి సాంద్రతకు సుమారు 800 రెట్లు. అందువల్ల కొద్దిపాటి వైశాల్యం గల రెక్క కూడా తక్కువ వేగంలోనే మనిషిని పైకెత్తగలదు. ఎత్తే బలం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. పలక నీటిని వదిలి లేచిన తర్వాత రాపిడి తగ్గి, విరగని అల చలనశక్తే మనిషిని చాలా దూరం తీసుకుపోతుంది.

ఇంట్లో చేసుకునేవారికి ఈ భాగాలేవీ అందరానివి కావు. పలకకు నురుగు దిమ్మె లేదా ప్లైవుడ్, స్తంభానికి అల్యూమినియం, రెక్కలకు పొరలు పొరలుగా అతికించిన కొయ్య, దానిపై ఎపాక్సీ రెసిన్‌తో గాజుపీచు లేదా కార్బన్ పీచు సరిపోతాయి. కష్టం సామగ్రిలో లేదు, కొలతలలో ఉంది. వెనుక రెక్క వాలు స్వల్పంగా మారినా ముందు రెక్క ఎత్తే బలానికీ దానికీ పొత్తు చెడుతుంది. అప్పుడు బోర్డు గుర్రంలా ముందు కాళ్ళు ఎత్తుతుంది లేదా ముక్కుతో నీటిలో గుచ్చుకుంటుంది. దోషం ఎక్కడుందో చెప్పేది దాని మీద నిలిచినవాని పాదాలే. నడికడ్డీకీ రెక్కకూ మధ్య పలుచని బద్ద ఒకటి పెట్టి మళ్ళీ నీటిలోకి దిగడం ఇటువంటి నిర్మాతల నిత్యకృత్యం.

6. తులనాత్మక పరిశీలన

పైన వివరించిన మూడు సాధనాలూ మూడు వేర్వేరు నీళ్ళకు మూడు వేర్వేరు సమాధానాలు. పుట్టి నీటి మీద తిరుగుతుంది, తెప్ప నీటిని తన గుండా పోనిస్తుంది, ఫాయిల్ బోర్డు నీటిని వదిలి పైకి లేస్తుంది. ఒకదాని బలం మరొకదాని బలహీనత. ఫాయిల్ స్తంభం సాధారణంగా 60 నుండి 90 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. లోతులేని చోట అది ఇసుకను తాకి మనిషిని విసిరేస్తుంది. రెక్క అంచులు గాయపరుస్తాయి. ఒడ్డునే విరిగే ఆంధ్రతీరపు అల దానికి అనువైనది కాదు. ఆ అలల మీదనే తెప్ప ఇసుక దాకా జారి వస్తుంది. కొత్తది కనుక ఫాయిల్ మెరుగైనదనీ, పాతది కనుక తెప్ప నాసిరకమనీ భావించడం చరిత్రను నిచ్చెనగా చూడడమే అవుతుంది.

మూడింటికీ సమానమైనది మరొకటి ఉంది. తయారీకీ వాడుకకూ మధ్య దూరం లేదు. నీటిలో తెలిసిన లోపం ఒడ్డున ఆ చేతులతోనే దిద్దుబాటు అవుతుంది. ఈ జ్ఞానం కాగితంపై లేకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. కాగితం అవసరం లేనంత దగ్గరగా నీరూ చేయీ ఉండడమే.

7. ఫైబర్ రాక

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఈ దగ్గరితనం సడలింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభమైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అలలను దాటి ఒడ్డెక్కగల కొత్త పడవల రూపకల్పనకు ప్రయోగాలు చేసింది. తేలిక కొయ్య ప్రియమైంది. మోటార్లు వచ్చాయి. క్రమంగా ఫైబర్ తెప్ప కొయ్య తెప్పను తొలగించింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత కోరమాండల్ తీరంలో సహాయంగా వచ్చిన ఫైబర్ పడవలు ఈ మార్పును వేగవంతం చేశాయి.

మత్స్యకారులు ఫైబర్‌ను కోరుకోవడానికి తగిన కారణాలు ఉన్నాయి. అది నీరు పీల్చదు. ఆరబెట్టవలసిన పని లేదు. మోటారును మోస్తుంది, ఎక్కువ దూరం పోతుంది, ఎక్కువ చేపను తెస్తుంది. గంటల తరబడి నడుము దాకా నీటిలో కూర్చునే కష్టాన్ని తగ్గించింది. ఆ కష్టాన్ని పరిశోధకుడు ఒడ్డున నిలిచి కీర్తించడం న్యాయం కాదు. అయితే నష్టం కూడా నమోదు కావాలి. ఫైబర్ తెప్ప అచ్చు నుండి వస్తుంది. అచ్చు యార్డులో ఉంటుంది. ముడి మార్చినట్టు అచ్చును మార్చడం వేటగాడి చేతిలో లేదు. మునుపు కొనుగోలు కొయ్యతో ఆగేది, ఇప్పుడు మొత్తం తెప్పకు, మోటారుకు, ఇంధనానికి పెట్టుబడి కావాలి. వేటగాడు నిర్మాత స్థానం నుండి వినియోగదారుని స్థానానికి మారాడు.

ఇదే కాలంలో ఇతర దేశాలలో క్రీడాకారులు కొన్న బోర్డును పక్కనబెట్టి, తమ షెడ్లలో రెసిన్ కలుపుకొని సొంత ఫాయిళ్ళు చేసుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి ఫైబర్ నిర్మాణ స్వేచ్ఛను ఇచ్చింది, మరొకరి నుండి దానిని తీసుకుంది. వస్తువు ఒకటే. తేడా అంతా తీరికలో, పెట్టుబడిలో, తప్పు చేసి దిద్దుకునే అవకాశంలో ఉంది. విరిగిన ఫాయిల్ ఒక సెలవురోజును పోగొడుతుంది, విరిగిన తెప్ప ఒక ఇంటి కూడును పోగొడుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పుట్టి, తెప్పలు అనాగరిక దశకు చిహ్నాలు కావు. అవి ఆయా నీటి స్వభావానికి కచ్చితంగా సరిపోయిన నిర్మాణాలు. రెండవది, స్వయంగా చేసుకొని అలపై సాగే నేటి క్రీడకు కావలసిన జ్ఞానవిధానం తెలుగు తీరంలో శతాబ్దాలుగా జీవనవృత్తిగా ఉంది. మూడవది, ఆ జ్ఞానం కొయ్యలో గాని తాడులో గాని లేదు. కట్టడం, నడపడం, విప్పడం, మళ్ళీ కట్టడం అన్న ఆవృత్తిలో ఉంది. ఆ ఆవృత్తి ఆగిన చోట ఒక్క తరంలోనే మాటలు కూడా మాయమవుతాయి.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని తెలుగు సామెత. తెప్పను విడిచిపెట్టడం అవసరమై ఉండవచ్చు, తగలబెట్టడం అవసరం కాదు. కొయ్య తెప్ప కట్టిన చేతులు శ్రీకాకుళం నుండి నెల్లూరు దాకా ఇంకా ఉన్నాయి. వారి ముడుల పేర్లను, కొయ్యల పేర్లను, అలలకు వారు పెట్టుకున్న పేర్లను ఊరి వారీగా సేకరించి తెలుగు వృత్తిపదకోశాలలో చేర్చడం తక్షణం జరగవలసిన పని. పెన్న ఎగువన పుట్టి అల్లేవారి విషయంలోనూ ఇది వర్తిస్తుంది. తాను నిలిచే పలకను తానే చెక్కుకోవాలనుకునే రేపటి తెలుగు యువకునికి ఆ పదాలు నిఘంటువులో ఆరోపాలుగా కాక, అతని చేతికి అందే కొలతలుగా ఉపయోగపడతాయి.